డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్: సైకలాజికల్ థ్రిల్లర్ తీసే విద్యార్థుల కోసం ఒక సమీక్ష

సైకలాజికల్ థ్రిల్లర్ షార్ట్ ఫిల్మ్ తీస్తున్న విద్యార్థులకు వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుందా? ఎడిటింగ్‌కు, కలర్‌కు, సౌండ్‌కు హాయిగా సరిపోతుంది. చీకట్లో తీసి పాడైన ఫుటేజ్‌ను బాగుచేయడానికి మాత్రం సరిపోదు. ఈ జానర్ సగం చీకట్లోనే నడుస్తుంది కాబట్టి ఆ ఒక్క లోటు షూటింగ్ పద్ధతినే మార్చేస్తుంది. నీలం రంగు, వంగిన ఫ్రేమ్, అద్దం, ఒకే మనిషి ఇద్దరుగా కనిపించడం, గుండె చప్పుడు, చివర్లో ట్విస్ట్: థ్రిల్లర్‌కు ఆనవాయితీగా వస్తున్న హంగులివి. ఇవి ఈ సాఫ్ట్‌వేర్‌లో ఎలా కుదురుతాయి, వీటిని తిరగేయాలనుకుంటే ఎక్కడ సాయపడుతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే ఈ సమీక్షకు కొలబద్ద. ఫీచర్లన్నీ ఏకరువు పెట్టే పని పెట్టుకోలేదు.

ఆస్ట్రేలియా కంపెనీ బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో డావిన్చి సిస్టమ్స్‌ను కొనేదాకా రిజాల్వ్ అంటే పెద్ద స్టూడియోల కలర్ గ్రేడింగ్ (రంగులు దిద్దే) గదుల్లో ఉండే ఖరీదైన వ్యవస్థ. ఆ తర్వాత ఉచిత వెర్షన్ వచ్చింది. 2017లో ఆడియో కోసం ఫెయిర్‌లైట్ పేజీ, 2018లో విజువల్ ఎఫెక్ట్స్ కోసం ఫ్యూజన్ పేజీ చేరాయి. కట్ చేయడం, రంగు దిద్దడం, శబ్దం కలపడం ఇలా ఒకే ప్రాజెక్టులో జరిగిపోవడం థ్రిల్లర్‌కు పెద్ద వరం. ఈ జానర్‌లో భయం షాట్ ఒక్కదాని వల్లా పుట్టదు. షాట్‌కు ముందు 12 ఫ్రేముల శబ్దం, దాని కింద గది నిశ్శబ్దం, గోడ రంగులో చిన్న మార్పు కలిస్తే పుడుతుంది. ఫైల్‌ను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోసుకెళ్లే పని లేకపోతే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి సరిచూసే ఓపిక మిగులుతుంది.

కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్ ఉండాలి. ఫ్యూజన్ పేజీ ఎక్కువగా వాడితే 32 జీబీ మేలు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో యూహెచ్‌డీ (3840×2160) క్లిప్పులు తడబడతాయి. అప్పుడు మీడియా పూల్‌లో (క్లిప్పులుండే చోటు) క్లిప్పులన్నీ ఎంచుకుని ప్రాక్సీ మీడియా, అంటే తేలికైన నకళ్లు, తయారు చేయించండి, ప్లేబ్యాక్ మెనూలో రెండర్ క్యాష్‌ను స్మార్ట్‌లో పెట్టండి. ప్లేబ్యాక్ తడబడే యంత్రం మీద కట్ లయ తెలియదు, లయ తెలియకుండా థ్రిల్లర్ ఎడిట్ చేయలేం.

మొదలుపెట్టే ముందే చెడేవి

ఎక్కువ ప్రాజెక్టులు పాడయ్యేది ఫ్రేమ్ రేట్ దగ్గర. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్‌ను క్లిప్పులు దింపకముందే నిర్ణయించాలి. మీడియా పూల్‌లోకి క్లిప్పులు వచ్చాక ఆ అంకె మారదు. సెకనుకు 24 లేదా 25 ఫ్రేములు ఎంచుకుని అందరి కెమెరాలూ దానికే కట్టుబడాలి. ఫోన్లతో ఇంకో చిక్కుంది. వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు ఫ్రేమ్ రేట్‌ను వాటంతట అవే పైకీ కిందికీ మారుస్తాయి. అలాంటి క్లిప్‌లో మాట, పెదవి మొదట కలిసినట్టే ఉండి నిమిషం తర్వాత విడిపోతాయి. కెమెరా యాప్‌లో ఫ్రేమ్ రేట్‌ను లాక్ చేయాలి. అప్పటికే తీసేసి ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చాకే రిజాల్వ్‌లోకి తేవాలి.

కోడెక్, అంటే వీడియోను కుదించి దాచే పద్ధతి, రెండో గండం. విండోస్ ఉచిత వెర్షన్‌లో కొన్ని 10-బిట్ హెచ్.264, హెచ్.265 ఫైళ్లు తెరుచుకోవు. శబ్దం వస్తుంది, బొమ్మ రాదు. లినక్స్ ఉచిత వెర్షన్ ఈ రెండు కోడెక్‌లనూ, ఏఏసీ ఆడియోనూ అసలు చదవదు. షూటింగ్‌కు ముందే 10 సెకన్ల క్లిప్ తీసి రిజాల్వ్‌లో వేసి చూడండి. తెరుచుకోకపోతే కెమెరాను 8-బిట్‌కు మార్చడమో, ఫుటేజ్‌ను డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ అనే ఎడిటింగ్ కోడెక్‌కు మార్చుకోవడమో చేయాలి. మార్చితే ఫైళ్లు బాగా పెద్దవవుతాయి, డిస్క్‌లో చోటు ముందే చూసుకోండి.

చీకటి: ఉచిత వెర్షన్ బలహీనత ఇక్కడే

డబ్బు పెట్టి కొనే స్టూడియో వెర్షన్‌లో ఉండే టెంపోరల్, స్పేషియల్ నాయిస్ రిడక్షన్ ఉచిత వెర్షన్‌కు లేదు. వాడబోతే కొనమంటుంది. చీకటి సీన్‌ను నిజంగానే చీకట్లో, ఐఎస్ఓ (కెమెరా కాంతి సున్నితత్వం) పెంచి తీసిన విద్యార్థికి ఇక్కడే దారి మూసుకుపోతుంది. నీడల్లో పురుగుల్లా కదిలే నాయిస్‌ను వదిలించే సాధనం ఉండదు, లిఫ్ట్ (నీడల వెలుతురు) తగ్గిస్తే ముఖం కూడా మునిగిపోతుంది.

కాబట్టి చీకటిని వెలుతురులోనే తయారు చేయాలి. కీ లైట్ (ప్రధాన లైటు) పడే చెంపకు, నీడ చెంపకు మధ్య 3 స్టాప్‌ల తేడా (ఒక్కో స్టాప్‌కు కాంతి రెట్టింపు), అంటే 8:1, ఉంటే నీడలే ఎక్కువుండే లో-కీ లుక్ వచ్చేస్తుంది. గోడ నల్లగా కావాలంటే నటుడిని గోడ నుంచి దూరం జరపాలి. లైటు నటుడికి 1 మీటరు దూరంలో, గోడకు 4 మీటర్ల దూరంలో ఉంటే గోడ మీద పడే కాంతి పదహారో వంతు, అంటే 4 స్టాప్‌లు తక్కువ. ఇంకో లైటు గానీ నల్ల గుడ్డ గానీ అక్కర్లేదు. తర్వాత మీకు కావలసినదానికన్నా ఒక స్టాప్ ఎక్కువ వెలుతురుగా ఎక్స్‌పోజ్ చేసి, ఐఎస్ఓ తక్కువలో ఉంచి, కలర్ పేజీలో కిందికి దించండి. వేవ్‌ఫామ్ (బొమ్మ వెలుతురును చూపే గ్రాఫ్) 0 నుంచి 1023 దాకా చూపిస్తుంది. వెలుతురు చెంప 450 నుంచి 550 మధ్య, వెనక గోడ 50 నుంచి 100 మధ్య ఉంటే బొమ్మ చీకటిగా కనిపిస్తూనే వివరాలు పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది. నీడలన్నీ 0 మీద అతుక్కుపోతే అక్కడ వివరం ఏమీ మిగలలేదని అర్థం.

ఫిల్మ్ గ్రెయిన్ ఎఫెక్ట్ కూడా స్టూడియోకే పరిమితం. గ్రెయిన్ కావాలంటే ఒక గ్రెయిన్ క్లిప్‌ను పై ట్రాక్‌లో వేసి, ఇన్‌స్పెక్టర్‌లో కాంపోజిట్ మోడ్‌ను ఓవర్‌లే చేసి, ఒపాసిటీని 20 నుంచి 30 దగ్గర ఉంచండి. చీకటి గోడల మీద చారలు పడకుండా కూడా ఇది కొంత కాపాడుతుంది.

ఆనవాయితీ అంటే చీకటి కాబట్టి, భయంకరమైన సీన్‌ను మిట్టమధ్యాహ్నపు వెలుతురులో తీయడం దాన్ని ధిక్కరించే సులువైన పద్ధతి. ఉచిత వెర్షన్‌కు అదే బాగా కలిసొస్తుంది కూడా. నాయిస్ ఉండదు, 8-బిట్ ఫుటేజ్ సరిపోతుంది. తెల్లటి గోడ ముందు మెత్తటి వెలుతురులో నిలబడిన మనిషి దాక్కోవడానికి చోటు లేనివాడిలా కనిపిస్తాడు. చీకటి ఇచ్చే భయానికీ దీనికీ పోలికే లేదు. ఒక్క జాగ్రత్త: తెల్ల గోడ వేవ్‌ఫామ్‌లో 900 దాటితే ముఖం కన్నా గోడే కళ్లను లాగేస్తుంది. 800 దగ్గర ఆపండి.

కలర్ పేజీ: గ్రూపులతో అబద్ధం చెప్పించడం

ఈ సాఫ్ట్‌వేర్‌లో మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. విద్యార్థి థ్రిల్లర్లలో నిజమైన సీన్లు వెచ్చగా, భ్రమ సీన్లు నీలంగా ఉంటాయి. మూడో నిమిషానికి ప్రేక్షకుడు ఆ తాళంచెవి పట్టేస్తాడు. రంగు చూసి ఏది నిజమో చెప్పేస్తాడు, ఇక ట్విస్ట్‌కు పనేం ఉండదు. ప్రేక్షకుడి ఆ నమ్మకాన్నే వాడుకోవడానికి రిజాల్వ్ గ్రూపులు చక్కగా పనికొస్తాయి.

కలర్ పేజీలో నిజమైన సీన్ల క్లిప్పులన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి కొత్త గ్రూపులో చేర్చండి. భ్రమ సీన్లకు ఇంకో గ్రూపు. ఒక్కో క్లిప్ ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ సరిచేయడం క్లిప్ స్థాయిలో, మొత్తం లుక్ గ్రూప్ పోస్ట్-క్లిప్ స్థాయిలో చేయండి. నోడ్ ఎడిటర్ పైన ఉండే మెనూలో ఈ స్థాయి మారుతుంది. ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే కొత్త నోడ్ (ఒక్కో దిద్దుబాటును ఉంచే పెట్టె) వస్తుంది, కంట్రోల్, డి నొక్కితే ఆ నోడ్ ఆగిపోయి ముందూ వెనకా తేడా కనిపిస్తుంది.

ఇప్పుడు తిరగేయడం. సినిమాలో ఐదు భ్రమ సీన్లున్నాయనుకుందాం. లుక్ ఉన్న నోడ్‌కు కీ ప్యాలెట్‌లో అవుట్‌పుట్ గెయిన్ అనే అంకె ఉంటుంది. 1.0 అంటే గ్రేడ్ పూర్తిగా పనిచేస్తుంది, 0.5 అంటే సగం. మొదటి భ్రమ సీన్‌లో 1.0, తర్వాత 0.75, 0.5, 0.25, చివరికి 0. నీలం క్రమంగా ఇగిరిపోతుంది, ఐదో భ్రమ అచ్చం నిజంలా ఉంటుంది. రంగును నమ్మిన ప్రేక్షకుడు అక్కడ మోసపోతాడు, ఆ మోసం కథానాయకుడు పడుతున్న మోసమే. గమనించాల్సిందేమిటంటే, పోస్ట్-క్లిప్‌లో ఈ అంకె మారిస్తే గ్రూపులోని అన్ని క్లిప్పులకూ మారుతుంది. అందుకే ఐదు సీన్లకూ ఐదు గ్రూపులు చేయాలి, లేదా ఆ లుక్ నోడ్‌ను క్లిప్ స్థాయికి కాపీ చేసుకోవాలి. ఇది మర్చిపోయి, ఒక సీన్ దిద్దితే మిగతా నాలుగూ మారిపోయాయని సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకునేవాళ్లు చాలామంది.

రెండు లుక్‌ల మధ్య ఎటూ తేలకపోతే క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి లోకల్ వెర్షన్స్ కింద రెండూ దాచుకోండి. ఏ గ్రేడూ పోదు.

వంగిన ఫ్రేమ్, డాలీ జూమ్

కెమెరాను వంచి తీయడం మనసు అదుపు తప్పిందని చెప్పే పాత గుర్తు. షూటింగ్‌లో వంచితే వెనక్కి తీసుకోలేం. ఎడిట్ పేజీ ఇన్‌స్పెక్టర్‌లో రొటేషన్ యాంగిల్‌తో వంచితే ఎంత కావాలో చూసుకుని ఆపొచ్చు. అయితే మూలల్లో నలుపు బయటపడుతుంది, దాన్ని కప్పడానికి జూమ్ పెంచాలి. 16:9 ఫ్రేమ్‌కు 3 డిగ్రీల వంపుకు 1.10, 5 డిగ్రీలకు 1.16, 10 డిగ్రీలకు 1.30 జూమ్ కావాలి. యూహెచ్‌డీలో తీసి 1920×1080 టైమ్‌లైన్‌లో కట్ చేస్తే 2.0 జూమ్ దాకా పదును తగ్గదు. 1080లోనే తీసిన ఫుటేజ్‌ను 10 డిగ్రీలు వంచితే మెత్తబడటం కంటికి తెలుస్తుంది.

వంపును తిరగేసే తీరు చూడండి. మామూలు సీన్లలో 20 సెకన్ల పాటు 0 నుంచి 2 డిగ్రీల దాకా కీఫ్రేములతో (ఏ క్షణానికి ఏ విలువో చెప్పే గుర్తులు) నెమ్మదిగా వంచండి. జూమ్‌ను మొదటి నుంచే 1.07 దగ్గర స్థిరంగా ఉంచితే కదలిక పట్టుబడదు. ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది గానీ ఎందుకో తెలియదు. ఆ తర్వాత పాత్ర పూర్తిగా భ్రమలో మునిగిన సీన్‌లో ఫ్రేమ్ గీత గీసినట్టు సమంగా ఉండాలి. పిచ్చి ప్రశాంతంగా, లోకం వంకరగా కనిపిస్తుంది.

ముఖం అంతే ఉండి వెనక గది మాత్రం సాగిపోయే డాలీ జూమ్‌ను జూమ్ లెన్స్ లేకుండానే చేయొచ్చు. యూహెచ్‌డీలో తీస్తూ కెమెరాను నటుడికి 1.5 మీటర్ల దగ్గర మొదలుపెట్టి 3 మీటర్ల దాకా వెనక్కి జరపండి. దూరం రెట్టింపైతే ముఖం సగం అవుతుంది, కాబట్టి ఆ షాట్‌లో జూమ్ కీఫ్రేమ్‌లు 1.0 నుంచి 2.0 దాకా. కెమెరా ఒకే వేగంతో జరిగితే కీఫ్రేమ్‌లు లీనియర్‌గానే (సమ వేగంతో) ఉంచాలి, ఈజ్ (నెమ్మదిగా మొదలై నెమ్మదిగా ఆగడం) పెడితే ముఖం ఉబ్బి తగ్గుతుంది. కెమెరాను జరపకుండా జూమ్ ఒక్కటే మారిస్తే ముఖం, గది కలిసి పెద్దవవుతాయి, అది డాలీ జూమ్ కాదు. చేత్తో పట్టుకుని వెనక్కి నడిస్తే వచ్చే కుదుపు ఈ షాట్‌ను చంపేస్తుంది, చక్రాలున్న దేనిమీదైనా కూర్చుని తీయండి. ఐదు నిమిషాల సినిమాలో ఇది ఒక్కసారికి మించితే విలువ పోతుంది.

జంట మనిషి, ఆలస్యంగా కదిలే అద్దం

ఒకే నటుడిని ఒకే ఫ్రేమ్‌లో ఇద్దరుగా చూపించడానికి ఫ్యూజన్ పేజీ దాకా వెళ్లనక్కర్లేదు. కెమెరా ట్రైపాడ్ మీద కదలకూడదు. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయాలి. ఎడమవైపు నటన ఒక టేక్, కుడివైపు ఇంకో టేక్. ఒకటి కింది ట్రాక్‌లో, రెండోది పై ట్రాక్‌లో వేసి, పైదాన్ని క్రాప్ చేసి, క్రాప్ సాఫ్ట్‌నెస్‌తో అంచు మెత్తబరచండి. ఫ్రేమ్ మధ్యలో పదో వంతు వెడల్పు ఖాళీగా ఉంచాలి. నటుడి చెయ్యి గానీ నీడ గానీ ఆ గీత దాటితే తెగిపోయి కనిపిస్తుంది. ఎక్కువగా దెబ్బతీసేది కిటికీ వెలుతురు. రెండు టేకుల మధ్య మబ్బు పట్టిందంటే గోడ రెండు రంగులవుతుంది. కిటికీ మూసి లైటుతోనే తీయండి.

అద్దంలో ప్రతిబింబం ఆలస్యంగా కదలాలంటే, అదే క్లిప్‌ను పై ట్రాక్‌లో కాపీ చేసి 8 నుంచి 10 ఫ్రేములు జరపండి. కలర్ పేజీలో పై క్లిప్‌కు అద్దం ఆకారంలో పవర్ విండో (ఎంచుకున్న భాగాన్ని చుట్టే ఆకారం) గీసి, నోడ్ ఎడిటర్‌లో రైట్ క్లిక్‌తో యాడ్ ఆల్ఫా అవుట్‌పుట్ (పారదర్శకతను బయటికి పంపే దారి) పెట్టి, నోడ్ నీలం చుక్కను దానికి కలపండి. అద్దం లోపలి భాగమే పై ట్రాక్ నుంచి కనిపిస్తుంది. నటుడి తలో భుజమో అద్దానికి అడ్డొస్తే ఈ పద్ధతి కుదరదు, అతన్ని పక్కగా నిలబెట్టాలి. స్టూడియోలో ఉండే మ్యాజిక్ మాస్క్ ఉంటే ఆ అడ్డును కూడా వేరు చేయొచ్చు గానీ, దానికోసం కొనాల్సినంత అవసరం లేదు.

అద్దం ఈ జానర్‌లో బాగా అరిగిపోయిన వస్తువు. పాత్ర అద్దంలో చూసుకునే సీన్ పెట్టి, ప్రతిబింబం మామూలుగానే ఉంచి, వెనక తలుపు తెరిచి ఉన్నదా మూసి ఉన్నదా అనేది మాత్రం షాట్‌కూ షాట్‌కూ మార్చి చూడండి. అద్దంలో ఏదో జరుగుతుందని ఎదురుచూసే కన్ను తలుపును గమనించదు. రెండోసారి చూసినప్పుడు పట్టుకుంటుంది.

ఎడిట్ పేజీ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, పని చక్కగా చేస్తుంది. ఆల్ట్ నొక్కి క్లిక్ చేస్తే శబ్దం, బొమ్మ విడివిడిగా ఎంపికవుతాయి. అలా తర్వాతి సీన్ శబ్దాన్ని 12 నుంచి 18 ఫ్రేములు ముందుకు లాగితే సీన్ మారకముందే చెవి అక్కడికి చేరుకుంటుంది. ఉద్వేగం పెరిగేకొద్దీ షాట్లు కురచవడం రివాజు: 4 సెకన్లు, 2, 1, ఆ తర్వాత 12 ఫ్రేములు. రెండు ఫ్రేముల మెరుపు షాట్లు పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఒకే ఫ్రేమ్ అయితే ఆన్‌లైన్ కంప్రెషన్‌లో మసకబారుతుంది. సెకనుకు మూడు మెరుపులు మించితే ఫొటోసెన్సిటివ్ ఎపిలెప్సీ ఉన్నవారికి ప్రమాదం. అంతకన్నా వేగంగా మెరిపించకండి, మెరుపులున్నాయని మొదట్లోనే టైటిల్ కార్డు వేయండి.

ఫెయిర్‌లైట్: సినిమా సగం ఇక్కడే

విద్యార్థులు చాలామంది ఈ పేజీ తెరవకుండానే సినిమా ముగిస్తారు. అది చూస్తే బాధగా ఉంటుంది. ఉచిత వెర్షన్‌లో ఈక్వలైజర్, కంప్రెసర్, రివర్బ్, డీ-హమ్మర్, నాయిస్ రిడక్షన్, లౌడ్‌నెస్ మీటర్ అన్నీ ఉన్నాయి. లేనిది వాయిస్ ఐసోలేషన్. కాబట్టి దూరం నుంచి రికార్డ్ చేసిన మాటను గదిలోంచి పీకి తీసే అవకాశం లేదు. మైకు నోటికి 30 నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, 48 కిలోహెర్ట్జ్‌లో, గరిష్ఠం -12 డీబీ దగ్గర రికార్డ్ చేయాలి. ప్రతి లొకేషన్‌లో అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం గది శబ్దం రికార్డ్ చేయండి. కరెంటు హమ్ పడితే డీ-హమ్మర్‌లో 50 లేదా 60 హెర్ట్జ్ ఎంచుకుంటే చాలావరకు పోతుంది.

కింది స్థాయి గంభీర నాదం, అంటే డ్రోన్, లేని థ్రిల్లర్ అరుదు. ఎడిట్ గదిలో హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయే డ్రోన్ ఫోన్‌లో చూస్తే మాయమవుతుంది. కారణం తేలికే: ఫోన్, ల్యాప్‌టాప్ స్పీకర్లు 40 హెర్ట్జ్‌ను పలికించలేవు. డ్రోన్ కాపీని రెండు ఆక్టేవ్‌లు పైకి జరిపి, 160 హెర్ట్జ్ దగ్గరకు తెచ్చి, 10 డీబీ తగ్గించి అసలుదానితో కలపండి. చిన్న స్పీకర్లలోనూ బరువు తెలుస్తుంది. వెడల్పుగా వినిపించే స్టీరియో ఎఫెక్టులను ఒకసారి మోనోలో విని చూడండి, ఫేజ్ తేడా వల్ల కొన్ని పూర్తిగా రద్దయిపోతాయి.

గుండె చప్పుడు వాడితే లెక్కగా వాడండి. 24 ఫ్రేముల రేటులో నిమిషానికి 60 కొట్టుకునే గుండె 24 ఫ్రేములకోసారి, 90 అయితే 16 ఫ్రేములకోసారి, 120 అయితే 12 ఫ్రేములకోసారి వినిపించాలి. టైమ్‌లైన్‌లో మార్కర్లు పెట్టి కట్‌లను ఆ దరువు మీద వేస్తే సీన్ బిగుస్తుంది. ఇప్పుడు తలకిందులు చేయండి. ప్రమాదం దగ్గరయ్యేకొద్దీ 16 నుంచి 24కు, 24 నుంచి 32కు నెమ్మదింపజేయండి. 32 అంటే నిమిషానికి 45. తన ఇంట్లో చొరబడినవాడి ముందు పాత్ర గుండె నెమ్మదిస్తోందంటే, భయపడాల్సింది ఎవరిని చూసి అన్న ప్రశ్న మాట లేకుండానే పుడుతుంది. ఈ ఒక్క ఉపాయం పది నీలం సీన్ల పెట్టు.

లోపలి గొంతుకు ప్రతిధ్వని పెట్టడం ఇంకో అలవాటు. రివర్బ్ వినగానే ఇది ఊహ అని తెలిసిపోతుంది. ఊహలోని మనిషి మాటను దగ్గరి మైకుతో, పొడిగా, ఎఫెక్ట్ ఏదీ లేకుండా ఉంచండి. నిజమైన మనుషుల మాటలకు కొద్దిగా గది రివర్బ్ చేర్చండి. లేని మనిషి చెవి పక్కనే ఉంటాడు, ఉన్నవాళ్లు దూరమైపోతారు. డైలాగ్ ట్రాక్‌లను మొదటి నుంచే విడిగా పెట్టుకుంటే రివర్బ్‌ను ట్రాక్ మీదే వేయొచ్చు, క్లిప్ క్లిప్‌కూ వేయనక్కర్లేదు.

నిశ్శబ్దం గురించి. ఆడియోను పూర్తిగా సున్నా చేస్తే వీడియో పాడైందనుకుని ప్రేక్షకుడు వాల్యూమ్ పెంచుతాడు. రికార్డ్ చేసుకున్న గది శబ్దాన్ని -55 డీబీ చుట్టుపక్కల వదలండి. ఉలికిపాటు క్షణంలో పెద్ద చప్పుడు వేయడానికి బదులు, ఆ క్షణానికి 18 ఫ్రేముల ముందు ఫ్యాను, ట్రాఫిక్, డ్రోన్ అన్నీ ఆపేసి గది శబ్దమొక్కటే మిగిల్చండి. చప్పుడు వస్తుందని బిగుసుకున్న ప్రేక్షకుడికి అది రాదు, బిగువు తర్వాతి సీన్‌లోకి వెంట వస్తుంది. వాల్యూమ్ గీత మీద ఆల్ట్ నొక్కి క్లిక్ చేస్తే కీఫ్రేములు పడతాయి, రెండు మూడు ఫ్రేముల్లో దించితే టక్కుమనే శబ్దం రాదు.

ట్విస్ట్‌ను ఎక్కడ పెట్టాలి

ఇది సాఫ్ట్‌వేర్ తీర్చే సమస్య కాదు. పరీక్షించుకోవడానికి మాత్రం ఉపయోగపడుతుంది. ఐదు నిమిషాల సినిమాలో 4 నిమిషాల 40 సెకన్ల దగ్గర అంతా ఒక మనిషి మనసులోనే జరిగిందని తేల్చేయడం మూస. దానికి మానసిక వ్యాధి పేరు తగిలించి, ఆ వ్యాధి ఉన్నవాళ్లంతా హంతకులన్నట్టు చూపడం అంతకన్నా పెద్ద తప్పు, ఇది అసలైన మనుషులను నొప్పిస్తుంది. ఈ ఆనవాయితీని తప్పకుండా తెంచాలి. టైమ్‌లైన్‌ను డూప్లికేట్ చేసి, గుట్టు విప్పే సీన్‌ను 3 నిమిషాల 20 సెకన్ల దగ్గరకు తెండి. మిగిలిన సమయంలో నిజం తెలిశాక ఆ మనిషి ఏం చేస్తాడన్నది చూపండి. కథ తెలియని ఇద్దరికి రెండు టైమ్‌లైన్లూ చూపిస్తే ఏది నిలబడుతుందో వెంటనే తెలుస్తుంది.

కోర్సు కోసం రిపోర్టు రాయాల్సినవాళ్లకు మార్కర్లు మరో మేలు చేస్తాయి. ఆనవాయితీని పాటించిన చోట నీలం, మీరిన చోట ఎరుపు మార్కరు పెట్టి కారణం ఒక వాక్యంలో రాసుకోండి. ఎడిట్ ఇండెక్స్‌లో అన్నీ జాబితాగా కనిపిస్తాయి. కలర్ పేజీలో స్టిల్ పట్టి గ్యాలరీ నుంచి బొమ్మగా ఎగుమతి చేస్తే రిపోర్టులో స్క్రీన్‌షాట్ల బాధ ఉండదు.

ఎగుమతి, ఆ తర్వాత

ఉచిత వెర్షన్ గరిష్ఠంగా 3840×2160 ఇస్తుంది, సెకనుకు 60 ఫ్రేములు దాటదు. ఏ విద్యార్థి సినిమాకూ ఇది తక్కువ కాదు. చీకటి సినిమాను యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు 1080 టైమ్‌లైన్ అయినా యూహెచ్‌డీలో ఎగుమతి చేయండి. 35 నుంచి 45 మెగాబిట్ల బిట్‌రేట్ ఇస్తే నీడల్లో చతురస్రాలు తగ్గుతాయి. మ్యాక్‌లో ఎగుమతి చేసిన ఫైలు క్విక్‌టైమ్‌లో వెలిసినట్టు, నలుపు బూడిదైనట్టు కనిపిస్తే గ్రేడ్‌ను మార్చకండి. అవుట్‌పుట్ కలర్ స్పేస్ రెక్.709-ఏ ఎంచుకుని మళ్లీ రెండర్ చేయండి. ఆడియోను ఆన్‌లైన్‌కు -14 ఎల్‌యూఎఫ్ఎస్ (మొత్తం శబ్ద తీవ్రత కొలమానం) దగ్గర ఉంచొచ్చు, ప్రసార ప్రమాణం అడిగితే -23. ఈ జానర్‌కు -14 దాకా తోసే తొందరలో కంప్రెసర్ బిగిస్తే గుసగుస, అరుపు ఒకే ఎత్తుకు వస్తాయి. -18 దగ్గర ఆపడం మాకు మేలనిపిస్తుంది.

స్టూడియో కొనాలా? వెలుతురు చేతిలో ఉన్న షూటింగ్‌కు వద్దు. రాత్రి వీధుల్లో, ఉన్న దీపాలతోనే తీయక తప్పని కథ అయితే నాయిస్ రిడక్షన్ ఒక్కదానికే కొనొచ్చు. ఒకసారి కొంటే చాలు, నెలనెలా చందా కట్టనక్కర్లేదు.

ఇంకో కంప్యూటర్‌కు మారాల్సి వస్తే ప్రాజెక్ట్ మేనేజర్ నుంచి డీఆర్‌పీ ఫైలు ఎగుమతి చేయాలి. అందులో కట్‌లు, గ్రేడ్‌లు ఉంటాయి గానీ వీడియో ఉండదు, ఫుటేజ్ ఫోల్డర్‌ను విడిగా మోసుకెళ్లి రీలింక్ చేయాలి. కొత్త వెర్షన్‌లో తెరిచిన ప్రాజెక్టు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. జట్టులో అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండేలా చూసుకుని, సినిమా అప్పగించేదాకా ఎవరూ అప్‌డేట్ నొక్కకుండా మాట తీసుకోండి.